ఓజెల్లా నిమ్మకాయ కేకు

మొహమాటానికి మెచ్చుకుంటే దేవుడు దాన్ని అబద్ధాల కింద జమకడతాడా, కట్టడా అన్నది వెర్లీన్‌కు ఏళ్ల తరబడి తేలని సందేహం. ఓజెల్లా నిమ్మకాయ కేకు చేసుకొచ్చినప్పుడల్లా సోదరీ సంఘంలో అందరూ "అబ్బ, ఎంత బాగుందో!" అనేవారు. అంటూనే ముక్కను రుమాల్లో చుట్టి చేతిసంచిలోకి జారవిడిచేవారు. వెర్లీన్‌దీ అదే పద్ధతి. ఒకసారి ఉండబట్టలేక, ఎవరి పేరూ ఎత్తకుండా పాస్టరుగారిని అడిగింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "ఓజెల్లా కేకు సంగతేనా అమ్మా? ఆ విషయమై నేనూ ప్రార్థనలోనే ఉన్నాను," అన్నాడు.

ఇప్పుడు ఓజెల్లా లేదు. కాలేజీలో చేరిన సంఘమైనా, ఒకసారి చేరితే జుట్టు నెరిసినా, మనిషి పోయినా సోదరి సోదరే. శనివారం సంఘం మేకన్ ఊరి శాఖవాళ్లంతా తెల్లబట్టలు వేసుకుని ఆమెను సాగనంపాలి. తర్వాత చర్చి హాల్లో భోజనాలు.

శాఖ అధ్యక్షురాలు విల్‌హెల్మీనా స్వయంగా వెర్లీన్ ఇంటికి వచ్చింది.

"భోజనాల్లో ఓజెల్లా కేకు ఉండాలి. నువ్వే చెయ్యాలి."

"ఓజెల్లా కేకా? నిజంగా అదేనా?"

"పేరు దానిది, చెయ్యి నీది. అట్లాంటా నుంచి మన సంఘం పెద్దావిడ వస్తోంది. ఆవిణ్ణి కూడా ఓజెల్లా దగ్గరికి పంపిస్తావా ఏంటి? నువ్వు చేశావని అందరి ముందూ చెప్తాను చూడు."

వెర్లీన్‌కు ఊళ్లో ఉన్న పరువంతా ఆ చేతిలోనే ఉంది. చర్చిలో ఏ పెళ్లి జరిగినా కేకు ఆమెదే. శుక్రవారం పొద్దున్నే చేసింది. బంగారు రంగులో, దూదిలా వచ్చింది. భర్త రూఫస్ రెండు ముక్కలు లాగించాడు.

"తింటుంటే ఓజెల్లా గుర్తొచ్చిందా?" అని అడిగింది.

"ఎవరూ?" అన్నాడు రూఫస్ నోటినిండా కేకుతో.

వెర్లీన్ మనసు చివుక్కుమంది. మళ్లీ పిండి కలిపింది.

ఓజెల్లాకు కొలతలూ గడియారమూ పట్టవు. టీవీలో సీరియల్ మొదలవగానే కేకును ఓవెన్‌లోకి తోసేది. దాని తర్వాతి సీరియల్ కూడా అయ్యాకే కుర్చీలోంచి లేచేది. వెర్లీనూ అలాగే కూర్చుంది. మొదటి సీరియల్ సగంలోనే చేతులు ఓవెన్ వైపు లాగేస్తుంటే వాటిని తొడల కింద పెట్టుకుని కూర్చుంది. అలా కూర్చునే సంఘంలో చేరిన రోజు తలుచుకుంది. ఆనాడు సీనియర్లు కొత్తవాళ్లను వరసగా నిలబెట్టి, తలా ఒక పచ్చి ఉల్లిపాయ ఇచ్చి తినమన్నారు. వెర్లీన్‌కు వాసనకే వాంతి వచ్చింది. వాళ్లు అటు తిరగగానే ఓజెల్లా ఆమె ఉల్లిపాయ లాక్కుని, తనదీ ఇదీ కరకరా నమిలేసింది. కళ్లమ్మట నీళ్లు కారుతుంటే, "భలే ఉందే! నాకు బాకీపడ్డావు," అంది.

"ఏమోయ్, ఇల్లు అంటుకుందా?" రూఫస్ పరుగెత్తుకొచ్చాడు.

"లేదు. కేకు అవుతోంది. కూర్చోండి."

"ఇంకా అవ్వాలా?"

"ఇంకో సీరియల్ ఉంది."

శనివారం విల్‌హెల్మీనా ఓజెల్లా పేరు మూడుసార్లు పిలిచింది. పోయినవాళ్లను అలా పిలవడం ఆనవాయితీ. జవాబు రాలేదు. శవపేటిక మీద తెల్లగులాబీలు పెట్టారు. అందరూ కొయ్యబొమ్మల్లా బిగుసుకుని, కళ్లు తుడుచుకోవడానికి కూడా మొహమాటపడుతూ హాల్లోకి నడిచారు.

మొదటి ముక్క అట్లాంటా పెద్దావిడకు. కత్తి దిగలేదు. విల్‌హెల్మీనా రెండు చేతులతో నొక్కి కోసింది. పెద్దావిడ కొరికింది, నమిలింది, ఇంకా నమిలింది. కళ్లు నీళ్ల గ్లాసు కోసం వెతికాయి.

"ఇది... ఎవరు చేశారు?"

విల్‌హెల్మీనా మింగేసేలా చూసింది. వెర్లీన్ లేచి నిలబడింది.

"నేనేనండీ. ఓజెల్లా ఎలా చేసేదో అలాగే చేశాను."

మూలనుంచి ఎవరో ఒక ముక్క నోట్లో పెట్టుకుని దగ్గుతూ, "అమ్మో! వచ్చేసిందే ఓజెల్లా!" అన్నారు. అంతే, అందరూ బల్ల మీద పడ్డారు. దగ్గేవాళ్లు దగ్గుతుంటే, వీపులు చరిచేవాళ్లు చరిచారు. విల్‌హెల్మీనా ఒక్క ముక్క తిని, పొడి గొంతుతో నవ్వడం మొదలుపెట్టి, మధ్యలో ఎప్పుడు ఏడుపులోకి దిగిందో ఆమెకే తెలియలేదు.

"నీ పరువు పోయిందే పిచ్చిదానా," అంది వెర్లీన్ భుజం పట్టుకుని.

"పోనీలే అక్కా. ఆ కత్తి ఇటివ్వు."

వెర్లీన్ అన్నిటికంటే పెద్ద ముక్క కోసుకుంది. పక్కావిడ అలవాటుగా రుమాలు అందించింది. వెర్లీన్ వద్దని తలూపింది. నీళ్ల గ్లాసు దూరంగా జరిపి, కళ్లమ్మట నీళ్లు కారుతున్నా, పళ్లెంలో పొడి కూడా మిగల్చకుండా తినేసింది.