పాచి విందు

పుంగనూరులో ఆవు చేపితే పాలు వస్తాయి. మా పక్కింటి మునస్వామికి మాత్రం పాలచేపే రావాల! ఎగువ పొలంలో కుంట తవ్వి, పేడ కలిపి, అడుగున పచ్చటి పాచి పట్టేదాకా కాచుకున్నాడు. పాలచేపంటే వెండిరంగు సముద్రం చేప, దాని పిల్లలు మేసేది ఆ పాచినే. సముద్రం పక్క జాలర్లు అలల్లో పట్టి, మంచినీళ్లు అలవాటు చేసిన పిల్లల్ని గాలి నింపిన కవర్లలో పోయించుకొని, తెల్లారేసరికి వ్యాన్ దిగి పెండ్లాన్ని కేకేసినాడు.

"కౌసల్యా, రా, సూడు! వెంట్రుకలకు కండ్లు పెట్టినట్టుండాయి!"

"రానీ రానీ. నిన్న కుంట అద్దంలా తోమిపెట్టినా!"

మునస్వామి నోరు కుంటంత తెరుచుకొనింది. రోజూ పాలక్యాన్లు తోమే చెయ్యి కదా, కొత్తది ఏది పోసినా ముందు తోమాల్సిందే ఆమెకు. నీళ్లు తోడేసి, చీపురుతో గీకి, కొత్త నీళ్లు పెట్టింది.

"పాచి యాడే?"

"గట్టుమీద పారేసినా. ఎండి పొడైపోయింది. యాల?"

"అది మురికి గాదే, మేత! ఏం తిని బతకాల ఈ పిల్లలు?"

కౌసల్య మొగం పాలిపోయింది. కవర్లలో పిల్లలు గిరగిరా తిరుగుతాండాయి. ఆమె బకెట్ పట్టుకొని ఎదురింటికి పరుగు తీసింది.

"రామలక్ష్మమ్మా! మీ గొడ్ల తొట్టిలో పాచి కొంచెం ఇయ్యమ్మా."

"మా తొట్టిలో పాచా? మల్లెపువ్వమ్మా మా తొట్టి! మొన్న దాన్ని చూసి ముక్కు మూసుకున్నావే, మర్చిపోయినావా?"

కౌసల్య వీధి మధ్యకొచ్చి గొంతెత్తింది. "వినండప్పా! ఈ వీధిలో రామలక్ష్మమ్మ తొట్టంత మంచి తొట్టి లేదు! తప్పు నాదే!"

"అట్ల అడుగు! గీక్కో తల్లీ."

అంతే! "మాది ఇంకా పచ్చంగుండాదమ్మా!" "మా తొట్టి ఉగాదికి కూడా తోమలా!" ఇన్నాళ్లూ దాచుకున్న పాచిని ఊరంతా బయటపెట్టింది. తొట్టికొక బకెట్, బకెట్‌కొక గొడవ. నేనూ ఒకటి మోసినా, చొక్కా పచ్చనయింది.

కుంట అంచున పాచి పరిచి, కవర్లు నీళ్లలో తేలేసి, మెల్లగా విప్పినాము. పిల్లలు చెదిరి మాయమైపోయినాయి. అందరమూ గట్టుమీద వంగి చూసినాము. కొంచేపటికి ఒక వెంట్రుక వచ్చి పాచిని కొరికింది. ఇంకోటి. ఆపైన జడంత గుంపు!

"సూడండప్పా!" రామలక్ష్మమ్మ ఎగిరింది. "మా తొట్టిదే తింటాండాయి!"

కుంటలో ఆ పచ్చదనం చూస్తాంటే కౌసల్యకు చేతులు దురద పెట్టినట్టుండాది. రెండు చేతులూ కొంగులో గట్టిగా చుట్టుకొనింది.