అద్దానికి బొట్టు

నేను ఒక కెమెరా లెన్సుని. ఒంటి మీద యాభై అని అంకె ఉంటుంది. మనిషి కంటికి ఎలా కనిపిస్తుందో దాదాపు అలాగే చూపిస్తానని దానికి అర్థమట. పుట్టింది జపానులో. కాకినాడలో వృక్షశాస్త్రం చెప్పే ప్రొఫెసరుగారి దగ్గర చాలాకాలం మందారాలూ గన్నేర్లూ చూశాను. ఆయన మతిమరుపు మనిషి, నా మూత ఏ తోటలోనో పారేశారు. ఆయన రిటైరయ్యాక రాజమండ్రిలో శేషగిరిగారి కెమెరాల కొట్టుకి, అద్దాల బీరువాలోకి చేరాను. అక్కడ వెలుతురుంది గానీ చూడ్డానికేమీ లేదు. మళ్ళీ అందులోకి వెళ్ళడమంటే నాకు భయం.

పాలకొల్లులో స్టూడియో నడిపే పట్టాభి ఓ రోజు వచ్చి, నన్నూ ఇంకో యాభైనీ వాడి చూస్తానని పట్టుకెళ్ళాడు. దసరా వెళ్ళాక ఒకటి ఉంచుకుని ఒకటి తిరిగి ఇచ్చెయ్యాలి. ఆ రెండోది కొత్తది, ప్లాస్టిక్ ఒళ్ళు, తేలిక. నేను లోహపు ముద్దని. నేను కాస్త ఎక్కువ వెలుతురు తాగుతాను, అది కాస్త తక్కువ. అంతకుమించి తేడా ఏమిటో నాకే తెలియదు, ఇక పట్టాభికేం తెలుస్తుంది? పొద్దున్న కాఫీ వేళకి నేను మేలంటాడు, భోజనమయ్యేసరికి అది మేలంటాడు. మా ఇద్దరితోనూ అదే గుమ్మాన్నీ, అదే సైకిలునీ, అదే భార్య మంగతాయారునీ ఫొటోలు తీసి, పక్కపక్కన పెట్టుకుని కళ్ళు చికిలించి చూసేవాడు.

"ఇందులో నవ్వుతున్నాను, అందులో నవ్వట్లేదు. అదే తేడా" అంది మంగతాయారు విసుగ్గా. మనుషులు పెళ్ళి సంబంధం కూడా ఇంతకన్నా తొందరగా తేల్చుకుంటారు.

ఇంతలో దసరా వచ్చింది. ఆయుధపూజకి మంగతాయారు కెమెరానీ, స్టాండునీ, లైట్లనీ, మమ్మల్నీ పీట మీద సర్ది, అన్నిటికీ గంధం, కుంకుమ పెట్టింది. రెండోదానికి మూత ఉంది, మూత మీద పెట్టింది. నాకు లేదు కాబట్టి అద్దం నడిమధ్యన పెట్టింది. ఎవరి మొహం వాళ్ళకి కనపడదు కదా, అదేమిటో నాకు తెలియలేదు. ఏదో చల్లగా తగిలింది, లోకం ఎర్రగా మసకబారింది.

మర్నాడు పువ్వులు తీసేటప్పుడు బొట్టు చాలామటుకు రాలిపోయి, పల్చటి పూత మిగిలింది. కెమెరా వెనకనించి చూసే మనిషి ముందుకొచ్చి నా మొహం చూడలేదు. నాతో తీసిన ఫొటోలన్నీ మంచు పట్టినట్టొచ్చాయి, దానితో తీసినవి నిగనిగలాడాయి. "పాతది పాతదేనండి, లోపలేదో పాడైంది" అని పట్టాభి శేషగిరిగారికి ఫోన్ చేశాడు. నాకు దిగులేసింది. మొన్నటిదాకా బాగున్నదాన్ని ఇవాళెలా పాడయ్యాను? ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు.

సాయంత్రం శేషగిరిగారు వచ్చి నన్ను వెలుతురుకి తిప్పి నవ్వారు. "ఏవండీ పట్టాభిగారూ, దీనికి జబ్బేంటండీ, కుంకం పెట్టుకుని కూర్చుంటేనూ" అంటూ మెత్తటి గుడ్డతో తుడిచారు. మళ్ళీ మా ఇద్దరితోనూ ఫొటోలు తీశారు. ఈసారి ఏ ఫొటో మాలో ఎవరితో తీసిందో ఆయనకీ తెలియలేదు. "కొత్తదే ఉంచుకోండి. మూతుంది, గ్యారంటీ ఉంది" అని నన్ను డబ్బాలో పెట్టబోయారు.

కాఫీలు తెచ్చిన మంగతాయారు ఎర్రటి గుడ్డ చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. "శుక్రవారంపూట బొట్టు చెరిపేశారేంటండీ" అంది మెల్లగా.

పట్టాభి ఆవిడ వంక చూశాడు, నా వంక చూశాడు. "దీన్ని పంపనండి. ఆ రెండోది పట్టుకెళ్ళండి" అన్నాడు.

"అదేంటండీ, దానికీ పెట్టారుగా బొట్టు?"

"దానికి మూత మీద పెట్టిందండి. దీనికి మొహాన పెట్టింది. మొహాన బొట్టు పెట్టినదాన్ని వెళ్ళిపొమ్మని ఎలాగండీ అంటాం?"

శేషగిరిగారు కాఫీ తాగి, రెండోదాన్ని డబ్బాలో పెట్టుకున్నారు.

మా ఇద్దరిలో ఎవరు మేలో పట్టాభికి ఇప్పటికీ తెలియదు, నాకూ తెలియదు. మంగతాయారు ఏటా నా అద్దానికే బొట్టు పెడుతుంది. మర్నాడు ఆవిడే వచ్చి తుడిచేదాకా పట్టాభి నన్ను ముట్టుకోడు. పూజ మర్నాడు శుక్రవారమైతే, శనివారం దాకా మా స్టూడియోలో ఫొటోలు తియ్యరు.