డూఫియే ఫ్రిజ్ మీద పడ్డ నింద

కుమాసీ పట్నంలోని ఆ లోగిలిలో ఆరు కుటుంబాలకూ కలిపి ఒకటే కరెంటు మీటరు. ముందే డబ్బు కట్టించుకుని నడిచే రకం. అందరూ కలిసి వేయించిన కరెంటు వారం తిరక్కుండానే అయిపోతోంది. ఎవరు తింటున్నారు? ఇంకెవరు, ఫ్రిజ్ ఉన్నది డూఫియే ఒక్కదానికే కదా!

ఎండు గోగుపూలు మరిగించి, అల్లం దంచి వేసి, సోబోలో అనే ఆ పానకాన్ని చల్లగా అమ్ముకుంటేనే ఆమెకూ, కూతురికీ పూట గడిచేది. మండుటెండలో వచ్చి తాగి, మూతి తుడుచుకుని వెళ్లినవాళ్లే అందరూ. అయినా ఇంటి యజమాని అక్క పొమా నడివాకిట్లో పంచాయితీ పెట్టేసరికి అందరూ పొమా పక్కనే చేరారు.

"రాత్రీ పగలూ గుర్రుమంటూనే ఉంటుంది దాని మోటారు. మీ కరెంటంతా అదే మింగుతోంది. ఆపించాలన్నవాళ్లు చేతులెత్తండి," అంది పొమా.

"మరి నీ పంపు మాటేంటి పెద్దమ్మా? వీధి వీధికీ నీళ్లమ్ముతున్నావుగా!" అంది డూఫియే.

"దానికి వేరే మీటరుందే. నన్నే అంటావా, నీ నోరు పడిపోను!"

దర్జీ ఒపోకు అందరికంటే ముందు చెయ్యెత్తాడు. పొద్దస్తమానం కరెంటు ఇస్త్రీపెట్టె వాడే మనిషి! సిగ్గుండాలి. మిగతా చేతులూ లేచాయి.

ఫ్రిజ్ ఆగింది. సోబోలో పులిసి నురగ కట్టింది. కూతురు పొద్దుటి గంజితోనే బడికి పోతోంది. కరెంటు మాత్రం ఎప్పటిలాగే అయిపోతోంది. అదేమిటని ఒక్కరైనా అడిగారా? అడగరు.

ఆదివారం, కరెంటు మిగులుతుందని ఎవరి గది మెయిన్ స్విచ్ వాళ్లు ఆపేసి చర్చికి వెళ్లారు. గోడ అవతల ఉండే పొమా మోకాళ్లనొప్పులని ఇంట్లోనే ఉండిపోయింది. ఆ మొహాల పక్కన నిలబడి పాటలు పాడటం ఇష్టం లేక డూఫియే కూడా ఆగిపోయింది. సీసాలు కడుగుతూ తలెత్తితే, మీటరు మీద, కరెంటు ఖర్చవుతుంటేనే వెలిగే ఎర్రదీపం గబగబా మిణుకుమంటోంది. తన గదితో సహా ఒక్క గదిలోనూ కరెంటు లేదు. గోడ అవతల పొమా పంపు మోటారు ఒక్కటే గుర్రుమంటోంది.

డూఫియేకి ఒళ్లు మండిపోయింది. పొమా తలుపు బాదబోయి, అందరూ రానీ అని ఆగింది.

చర్చి నుంచి వచ్చినవాళ్లు వాకిట్లో అడుగుపెట్టగానే, వాళ్ల కళ్లముందే డూఫియే మీటరు స్విచ్ కిందికి లాగింది. గోడ అవతల మోటారు ఆగిపోయింది.

"నీకేమైనా పిచ్చా?" అని ఒపోకు అంటుండగానే పొమా పరుగెత్తుకొచ్చింది. మోకాళ్లనొప్పి ఏమైందో!

"ఎవర్రా నా పంపు ఆపింది? బయట జనం బకెట్లతో నిలబడ్డారు!"

అందరూ ఒకసారి గోడవైపూ, ఒకసారి మీటరువైపూ చూశారు. డూఫియే చెయ్యి మీటరు మీద చూశాక గానీ తానేమందో పొమాకి తెలియలేదు.

డూఫియే పులిసిన సోబోలో బిందె తెచ్చి ఆమె కాళ్ల ముందు గుమ్మరించింది. ఒపోకు తెల్లబట్టల మీద కూడా చిందింది.

"ఇది నా బిడ్డ తిండి. ఏదీ, పంపు ఆపించాలన్నవాళ్లు ఇప్పుడెత్తండి చేతులు!"

ఎవరూ ఎత్తలేదు. ఇల్లు పొమా తమ్ముడిది మరి.

డూఫియే తన చెయ్యి ఒక్కటే ఎత్తింది.

"ఇది చాలు. పంపు తీగ మన మీటరు నుంచి ఊడేదాకా ఈ స్విచ్ పైకి లేవదు. అందాకా చీకట్లో ఏడవండి."

పీట తెచ్చుకుని మీటరు కింద కూర్చుంది.