చివరి రోజు కాన్పు

ఆస్పత్రిలో తోటి విద్యార్థులంతా ఆ అమ్మాయిని 'లేటు' అనే పిలిచేవారు. పారామెడిక్ కోర్సు రెండో సంవత్సరం చదువుతున్న ఆమె ఏ రోజూ డ్యూటీకి ఒక్క నిమిషం ఆలస్యంగా వచ్చింది లేదు. ఆలస్యమల్లా కాన్పుల దగ్గరే. ఆరు వారాల ట్రెయినింగ్‌లో కనీసం ఒక్క కాన్పయినా కళ్లారా చూసి, లాగ్‌బుక్‌లో హెడ్ నర్సు చేత సంతకం పెట్టించుకోవాలి. మొదటిసారి ఆమె చేతులు కడుక్కుని వచ్చేసరికి బిడ్డ పుట్టేసింది. రెండోసారి సెలైన్ సీసా కోసం పంపారు, తెచ్చేలోపు అయిపోయింది. మూడోసారి ఎనిమిది గంటలు కాళ్లు పీక్కుపోయేలా నిలబడి, డ్యూటీ దిగి బస్సెక్కిందో లేదో, కవలలు పుట్టారని ఫోను. ఆ పేరు పెట్టిన పొడుగాటి సహాధ్యాయిని ఆమె 'నిచ్చెనా' అని పిలిచి కసి తీర్చుకునేది.

పైకి నవ్వేది గానీ లోపల భయమే. సంతకం పడకపోతే మళ్లీ ఆరు వారాలు మొదటి నుంచి. నోటికి ముద్ద సయించడం మానేసింది. నిద్రలో ఏవేవో కలవరిస్తున్నావని తల్లి రోజూ పొద్దున్నే చెబుతోంది.

చివరి రోజు రానే వచ్చింది. నిచ్చెనకూ ఆ రోజు అక్కడే డ్యూటీ. లేబర్ వార్డులో ఉన్నది ఒకే ఒక్క గర్భిణి. హెడ్ నర్సు ఆమెను పరీక్షించి పెదవి విరిచింది.

"సాయంత్రం దాకా కాదు. నీ డ్యూటీ రెండింటికే కదా?"

"ఉంటాను సిస్టర్. ఎంతసేపైనా ఉంటాను."

"ఉందువుగానిలే. ముందు మీరిద్దరూ పోయి కింద స్టోర్లోంచి టవళ్లు పట్టుకురండి. నువ్వటు వెళ్లగానే ఇక్కడ ఆవిడ పని కానిచ్చేస్తుందేమో, నీ సంగతి తెలిసిందేగా."

ఇద్దరూ చెరో కట్ట టవళ్లు గడ్డం దాకా పేర్చుకుని పోర్టికో దాటుతుండగా, ఒక కారు దూసుకొచ్చి మెట్లకు ఆనుకుని ఆగింది. డ్రైవరు సీట్లోంచి ఒకతను చెప్పుల్లేకుండా దిగి, "ఎవరైనా రండి, మా ఆవిడకి..." అని మాట పూర్తి చేయలేక వెనక తలుపు తెరిచాడు.

లేటు చేతిలోని కట్ట కారు మీద పెట్టి వంగి చూసింది. సీటు మీద అడ్డంగా పడుకున్న మనిషి పళ్లు బిగించి మూలుగుతోంది. బిడ్డ తల అప్పటికే కనిపిస్తోంది.

"స్ట్రెచర్ తెస్తా," అన్నాడు నిచ్చెన.

"వద్దు, అంత టైం లేదు. పరుగెత్తి సిస్టర్‌ని పిలు. కాన్పు కిట్ తెమ్మను."

అతను తన టవళ్లు కూడా కారు మీద పడేసి పరుగు తీశాడు. ఆమె జేబులోంచి గ్లవ్స్ లాగింది. కంగారుగా తొడగబోతే మొదటిది చిరిగింది. ఇంకో జత తీసి ఎలాగో తొడుక్కుంది.

"అక్కా, నేనున్నాను. నెమ్మదిగా ఊపిరి వదులు. ఇప్పుడు ముక్కకు."

"నా వల్ల కాదు."

"అవుతోందక్కా. సగం అయిపోయింది."

అరచేతిలోకి తల వచ్చింది, వెచ్చగా, జారుడుగా. మెడ చుట్టూ బొడ్డుతాడు. వెంటనే పాఠంలో చెప్పిన మాట తట్టింది: లాగకూడదు, వేలు దూర్చి తల మీదుగా తప్పించాలి. తప్పించింది. ఒక భుజం, రెండో భుజం, అంతే, బిడ్డ చేపపిల్లలా ఆమె చేతుల్లోకి జారింది.

ఏడవలేదు. రంగు నీలంగా ఉంది.

"ఏమైంది? ఎందుకు ఏడవట్లేదు?" అన్నాడు తండ్రి.

ఆమె టవలుతో వీపు, తల, కాళ్లు గట్టిగా తుడిచింది. తడిసిన టవలు విసిరేసి పొడిది అందుకుంది. మళ్లీ తుడిచింది. "రామ్మా, రా తల్లీ," అంటోంది తనకు తెలియకుండానే. చిన్న దగ్గు వినిపించింది. ఆ వెంటనే పోర్టికో అదిరేలా ఏడుపు. నీలం పోయి ఒళ్లంతా ఎర్రబారింది.

పాపను తల్లి గుండెల మీద పెట్టి ఇద్దరికీ టవళ్లు కప్పేసరికి హెడ్ నర్సు రొప్పుతూ వచ్చింది. తాడుకు క్లిప్పులు పెట్టింది, కోసింది, తల్లినీ బిడ్డనూ క్షణాల్లో పైకి పంపించింది. తండ్రి మాత్రం మెట్ల మీద కూలబడి, కనిపించినవాళ్లందరితో "ఆడపిల్లండీ" అని చెబుతున్నాడు.

"ఏ గడిలో పెట్టమంటావు సంతకం?" లాగ్‌బుక్ తెరిచి అడిగింది హెడ్ నర్సు. "ఇక్కడ 'చూసినవి' అని ఉంది. నువ్వు చూస్తూ కూర్చోలేదు కదా." సంతకం చేసి, పక్కన 'స్వయంగా చేసింది' అని రాసింది. "కారు పక్కన చిరిగిన గ్లవ్ చూశాను, కంగారులో చించావు కదూ. తొడుక్కోవడం నేర్చుకో."

లేటు కారిడార్లోకి పోయి తల్లికి ఫోను చేసింది. కారు, టవళ్లు, తాడు, నీలం, ఏడుపు అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేసింది. మళ్లీ మొదటి నుంచి చెప్పింది.

తల్లి అంతా విని, "బంగారు తల్లివే. పాప సంగతి సరే, మరి కన్నావిడ ఎలా ఉంది?" అంది.

ఆవిడను పైకి పంపాక లేటు ఆ సంగతే కనుక్కోలేదు.

"ఉండమ్మా, చూసొస్తా."

రెండేసి మెట్లు దూకుతూ వార్డుకు చేరింది. ఆవిడ మెలకువగానే ఉంది. పక్కన పాప నిద్రపోతోంది.

"నువ్వేనా?" అంది ఆవిడ. "ఇందాక గొంతే విన్నాను. కళ్లు తెరిస్తేగా."

"ఎలా ఉంది అక్కా? రక్తం ఎక్కువ పోతోందా? కళ్లు తిరుగుతున్నాయా?"

"లేదమ్మా. దాహంగా ఉందంతే."

లేటు గ్లాసుతో నీళ్లు పట్టించింది. కుర్చీ దగ్గరికి లాక్కుని, ఆవిడ మణికట్టు మీద వేళ్లు ఆనించి, గోడ గడియారం చూస్తూ నిండా ఒక నిమిషం నాడి లెక్కపెట్టింది.