‘కానీ’ దగ్గర తెగిన పేరు

వాసంతి మూడు బాక్సులు సర్దింది, భర్తకీ, పిల్లకీ, అత్తగారి మధ్యాహ్నానికీ. నాలుగోదానికి అన్నం చాల్లేదు. ఆ నాలుగోది ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు. "మీ ఆఫీసులో క్యాంటీన్ ఉందిగా" అంటాడు భర్త అవినాష్, తన ఆఫీసులోనూ ఒకటుందన్న సంగతి మర్చిపోయి. "చట్నీలో ఉప్పు చూశావుటమ్మా?" అంది అత్తగారు నాగేశ్వరి, పూజగదిలోంచే. చూసింది. చూడకేం? ఇంట్లో చట్నీ, ఆఫీసులో సాఫ్ట్‌వేరు, రెండుచోట్లా ఉప్పు సరిపోయిందో లేదో చూసే ఉద్యోగమే ఆమెది.

గోపన్‌పల్లిలో ఆమెను ఎక్కించుకున్న ఆఫీసు క్యాబు, టీములో చిన్నదైన వర్షితను ఖాజాగూడలో ఎక్కించుకుని హైటెక్ సిటీకి వెళ్తుంది. ఖాజాగూడలో చెరువు పక్కన ఆ రాళ్లు. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చి, దించడం మర్చిపోయినట్టుంటాయి. పొద్దుటెండ ముందు వాటి నెత్తినే పడుతుంది. ఏడేళ్లుగా కిటికీ అద్దంలోంచి చూస్తోంది వాసంతి, ఎక్కి కూర్చోవాలని. నగలు కాదు, చీరలు కాదు, అంతే కోరిక. ఒకసారి నోరు తెరిచి అడిగింది కూడా. "దానిదేముంది, ఆదివారం అందరం వెళ్దాం" అన్నాడు అవినాష్. అందరం అంటే పులిహోర, అత్తగారికి మడత కుర్చీ, పిల్లకి రెండో జత బట్టలు, నీళ్ల సీసాలు. వంటిల్లు నెత్తిన పెట్టుకుని రాళ్లెక్కడమన్నమాట. "ఒక్కదాన్నే వెళ్తానండి" అంటే, "ఒక్కదానివీ అక్కడేం చేస్తావు?" అని నవ్వాడు. ఏం చేస్తుందో ఆమెకీ తెలీదు. ఏమీ చెయ్యకుండా ఉంటే ఎలా ఉంటుందో చూడాలని మాత్రం ప్రాణం కొట్టుకులాడేది.

ఆఫీసులో ఆమె పని సాఫ్ట్‌వేరుకి పరీక్షలు పెట్టడం. క్లౌడ్ స్టోరేజి అంటే జనం ఫొటోలూ కాగితాలూ దాచుకునే పెద్ద గిడ్డంగి అనుకోండి. కంపెనీ పాత గిడ్డంగి వదిలి కొత్తదానికి మారబోతోంది. పాతది తీసుకున్నవన్నీ కొత్తది కూడా తీసుకుంటుందా, ఎంత వేగంగా తీసుకుంటుంది, ఎంత బరువుకు కుంగుతుంది, అన్నీ వాసంతే తేల్చాలి. దాచే ప్రతి ఫైలుకీ ఒక పేరుండాలి. తెలుగులో అయితే ఆ పేరు గుణింతాలూ ఒత్తులూ కలిపి మూడు వందల నలభై గుర్తుల దాకా పోవచ్చు. "తెలుగులో పేర్లెవరు పెడతారండీ?" అన్నాడు మేనేజరు మధుకర్. "పెట్టేవాళ్లుంటారండీ" అని ఆమె అంత పొడుగు పేర్లతోనే పరీక్ష పెట్టింది. ఫైలు ఖాళీ, పేరు మాత్రం నిండుగా.

అలాంటి పేర్లను అందరూ అర్థంలేని అక్షరాలతో నింపుతారు. వాసంతి ఎవరితోనూ చెప్పుకోలేని మాటలతో నింపింది. పరీక్షలో నెగ్గిన పేర్లు రిపోర్టులో కనబడవు, ఓడినవే కనబడతాయి. పాత గిడ్డంగిలో నెలల తరబడి అన్నీ నెగ్గాయి. ఆ ధీమాతోనే ఒకరోజు ఇలా రాసింది: ‘రేపు పొద్దున్నే ఎవరినీ అడగకుండా ఒక్కదాన్నే ఖాజాగూడ రాళ్లెక్కి ఎండెక్కేదాకా కూర్చుంటాను. కానీ’. ఇంకా బోలెడు చోటు మిగిలింది. నింపడానికి ఆమెకు మాటలు కరువా? ముందు ఇడ్లీ వెయ్యాలి, పిల్లకి జడ వెయ్యాలి, అత్తగారికి బీపీ మాత్ర ఇవ్వాలి, పనమ్మాయి రావాలి, ఆయన చొక్కా ఇస్త్రీ కావాలి. రాస్తూ పోతే చోటే చాల్లేదు.

బుధవారం అవే పరీక్షలు కొత్త గిడ్డంగి మీద నడిచాయి. పదకొండింటి మీటింగులో రిపోర్టు గోడమీది తెర నిండా పరుచుకుంది. ఓడినవాటిలో మొదటి వరస అదే. ఎడమపక్క ఆమె పెట్టిన పేరు, కుడిపక్క గిడ్డంగి తిరిగిచ్చిన పేరు. పావు వంతు దగ్గరే కోసి పారేసింది. వాసంతికి భూమిలోకి కూరుకుపోదామనిపించింది. అంతలో వర్షిత కుడిపక్కది పైకే చదివేసింది.

"మా ఖాజాగూడ రాళ్లేనా అక్కా? చిన్నప్పుడు మేం రోజూ ఎక్కెటోళ్లం. గిట్ల రాసుకునుడెందుకు? జర ముందు బయల్దేరితె అయిపాయె."

మధుకర్ గొంతు సవరించుకున్నాడు. "పెద్ద తప్పే పట్టారు వాసంతిగారూ. ఇది చూసుకోకుండా మారి ఉంటే పేర్లు తెగి ఒకటైపోయి, జనం ఫైళ్లు ఒకదాన్నొకటి చెరిపేసుకునేవి. సాయంత్రానికి సరిచేస్తారట, రేపటికల్లా పేరు మొత్తం పడుతుంది. ఆ వాక్యాలు మాత్రం కాస్త మార్చండి, బాగోదు."

వాసంతి కుడిపక్కకే చూస్తోంది. ఇడ్లీ లేదు. జడ లేదు. బీపీ మాత్ర లేదు. ‘కానీ’ కూడా సగంలోనే తెగిపోయింది. తన కోరికను వెనక తోకేదీ లేకుండా ఆమె ఎప్పుడూ చూసుకోలేదు. అది యంత్రం చేసిన తప్పే, తప్పని నమోదు చేసిందీ తనే. అయినా కళ్లు నిండాయి.

"పేర్లు అవే ఉంటాయండి" అంది. ఆ గొంతు తనకే కొత్తగా వినిపించింది.

మర్నాడు తెల్లవారుతుండగా ఆమె బూట్ల తాడు కట్టుకుంటుంటే అవినాష్ హాల్లోకి వచ్చాడు.

"ఇంత పొద్దున్నే ఎక్కడికి?"

"ఖాజాగూడ రాళ్ల దగ్గరికి. అట్నుంచి అటే ఆఫీసుకి."

"ఒక్కదానివేనా? మరి ఇడ్లీ?"

ఇన్నేళ్లుగా ఆమె నోట ఏ కోరిక బయటపడినా దాని వెనకే ‘కానీ’ దానంతటదే దిగేది. వాసంతి తలుపు మీద చెయ్యేసి, వస్తుందేమోనని ఒక్క క్షణం ఆగింది.

"పిండి ఫ్రిజ్‌లో ఉంది" అంది. వాక్యం అక్కడితో అయిపోయింది.