పచ్చ వచ్చిన రోజు

ఆ సందులో ఆమెను సొంత పేరుతో పిలిచేవాళ్ళు లేరు. మెడలో కొలత టేపు వేలాడదీసుకొని ఇంటింటికీ తిరుగుతుంది కాబట్టి అందరికీ టేపమ్మ. ఇరవై ఏళ్ళు నిండని పిల్లకు అమ్మ అని తగిలించింది ఎగతాళికే గానీ, ఆమె దాన్ని బిరుదులాగే మోసింది. యువజన సంఘం వాళ్ళిచ్చిన చొక్కా మీద వీపంతా "ఆకలి లేని లోకం, యువత చేతుల్లో" అని అచ్చు వేసి ఉండేది. ఉతగ్గా ఉతగ్గా అందులో 'లేని' చెరిగిపోయింది. కొత్త చొక్కా అడిగితే వచ్చే ఏడు చూద్దామన్నారు.

పని చూడ్డానికి తేలికే. పసిపిల్లల ఎడమ చేతికి, మోచేతి పైన ఆ టేపు చుట్టాలి. చిన్న కిటికీలాంటి కంతలో రంగు కనిపిస్తుంది. పచ్చ అయితే బిడ్డ బాగున్నట్టు. పసుపు అయితే ఓ కన్నేసి ఉంచాలి. ఎరుపు అయితే బిడ్డ దక్కడం కష్టమని అర్థం. ఎరుపు వచ్చిన పిల్లలకు పోషణ కేంద్రంలో తియ్యటి వేరుశనగ ముద్ద పొట్లాలు వారం వారం ఇస్తారు. పచ్చ రాగానే ఆపేస్తారు, ఎందుకంటే వెనకాల ఇంకో ఎర్ర చెయ్యి కాచుకొని ఉంటుంది. ఈ సంగతంతా టేపమ్మ సందులో తల్లులందరికీ అరిటిపండు ఒలిచినట్టు చెప్పింది. ఇంట్లో వదినకూ చెప్పింది.

అసలు బాధ ఆ ఇంట్లోనే ఉంది. ఎవరెవరి పిల్లలో పచ్చకు వచ్చారు గానీ, సొంత మేనల్లుడి చెయ్యి ఎరుపు దాటి రావడం లేదు. చిన్నోడికి నడక రావలసిన వయసు. గోడకు ఆనించి కూర్చోబెడితే అలాగే ఉండిపోతాడు. ఈమధ్య ఏడుపు కూడా మానేశాడు. "ముందు మీ ఇంట్లో లోకం బాగుచెయ్యవే తల్లీ," అని ఎదురింటి కుట్టుమిషనామె అననే అంది. టేపమ్మకు తల కొట్టేసినట్టయింది.

కేంద్రంలో నర్సమ్మ చిన్నోడి కనురెప్పలు పైకెత్తి చూసి పెదవి విరిచింది. "పొట్లాలు ఇస్తూనే ఉన్నాం, ఒంటికి పట్టడం లేదు. ఇంకొక్క జ్వరం తగిలిందంటే తట్టుకోడు. ముందే చెబుతున్నా," అంది.

ఆ ఇంట్లో పొయ్యిలో పిల్లి లేవడం మానేసి చాలా కాలమైంది. మిల్లు మూతపడ్డాక అన్నయ్య పొద్దున్నే కూలీలు నిలబడే కూడలికి పోతాడు. ఎక్కువ రోజులు చేతులూపుకుంటూ తిరిగొస్తాడు. అయినా సాయంత్రమయ్యేసరికి వదిన ఎలాగో పెద్ద గిన్నెడు జావ కాస్తుంది. పలచగానే ఉంటుంది కానీ తియ్యగా, కమ్మగా ఉంటుంది. ఊరంతా తిరిగొచ్చిన టేపమ్మ రెండు గిన్నెలు లాగించేది. "నీ చేతిలో ఏదో మహత్యం ఉంది వదినా, ఉత్త నీళ్ళు కాచినా రుచే," అని పొగిడేది. వదిన పొయ్యి వైపు తిరిగి, "తాగమ్మా, తాగు. లోకాన్ని నిలబెట్టాలంటే కాళ్ళలో సత్తువ ఉండాలిగా," అనేది. నాలుగేళ్ళ మేనకోడలు వసపిట్ట గిన్నె నాకేసి ఇంకొంచెం అని మొదలుపెట్టేది. దాని నోరు ఒక్క నిమిషం ఊరుకోదు కాబట్టే ఆ పేరు.

ఒకరోజు కేంద్రంలో ఎవరి బిడ్డో పొట్లాన్ని కొరికి చించితే, ముద్ద టేపమ్మ వేళ్ళనిండా అంటుకుంది. పొట్లాలు పిల్లల మందు, పెద్దలు నాలిక మీద కూడా పెట్టుకోకూడదని నర్సమ్మ కట్టడి. తుడుచుకోడానికి గుడ్డ కనిపించక, ఎవరూ చూడకుండా వేలు నోట్లో పెట్టుకుంది.

ఆ రుచి ఆమెకు కొత్త కాదు. రోజూ సాయంత్రం తాగుతున్నదే.

కాళ్ళీడ్చుకుంటూ ఇంటికొచ్చింది. వదిన వీధి కుళాయి దగ్గర బిందె పెట్టుకొని కూర్చుంది.

"వదినా, చిన్నోడి పొట్లాలు జావలో కలుపుతున్నావా?"

వదిన బుకాయించలేదు. నీళ్ళు నమలనూ లేదు. "మరి దేంతో కాస్తున్నాననుకున్నావు, నా మహత్యంతోనా?" అంది.

"వాడు చచ్చిపోతాడే! నర్సమ్మ అన్నది నువ్వూ విన్నావుగా!"

"విన్నాను. వాడొక్కడికే పెట్టుకుంటే వాడు పచ్చకొస్తాడు. పచ్చొస్తే పొట్లాలు ఆగిపోతాయి. అది నువ్వు చెప్పిన పాఠమే కదా? ఆ తర్వాత వీళ్ళందరి నోట్లో ఏం పెట్టను, నీ టేపా?" వదిన బిందెను కుళాయి కిందికి జరిపింది. "రోజూ అనుకుంటాను, రేపటి నుంచి వాడికే పెట్టాలని. మీ అన్నయ్య ఖాళీ చేతుల్తో వస్తాడు. వసపిట్ట గిన్నె పట్టుకొని నిలబడుతుంది. నువ్వొచ్చి, ఇంకో గిన్నె పొయ్యి వదినా అంటావు. నువ్వైతే ఎవరికి లేదంటావో చెప్పు."

ఇన్నాళ్ళూ టేపమ్మ ఆ పసివాడి కూడే తిని, ఆ సత్తువతో ఇంటింటికీ తిరిగి, ఎవరి పిల్లలు ఎందుకు చిక్కిపోతున్నారో తల్లులకు నీతులు చెప్పింది.

మర్నాడు సంఘం నాయకుడి దగ్గరికి వెళ్ళింది. ఊరేగింపులన్నిట్లో ముందు నడుస్తాడని అతన్ని అందరూ జెండా అంటారు. ఎరుపు వచ్చిన ఇంట్లో మిగతావాళ్ళకు కూడా తిండి గింజలు ఇప్పించమని కాళ్ళావేళ్ళా పడింది. జెండా మంచివాడే. అతని కళ్ళు కూడా చెమర్చాయి. "తప్పకుండా చెల్లీ, వచ్చే సభలో ఈ విషయం గట్టిగా మాట్లాడతాను," అన్నాడు. నర్సమ్మను అడిగితే, అది వేరే ఆఫీసు పని అంది. ఆ వేరే ఆఫీసుకు వెళ్తే, పిల్లల విషయమైతే కేంద్రానికే వెళ్ళమన్నారు. అందరూ మర్యాదగానే మాట్లాడారు. కసురుకున్నా బాగుండేది, కనీసం తిట్టుకోడానికి ఒక మొహం దొరికేది.

ఇక చేసేదేమీ లేక ఒకటి నిశ్చయించుకుంది. పొట్లాలు ఇంటికి ఇవ్వొద్దని నర్సమ్మకు చెప్పింది. రోజూ పొద్దున్నే చిన్నోడిని చంకనేసుకొని కేంద్రానికి వెళ్ళి, బెంచీ మీద కూర్చొని, వేలితో తీసి తీసి వాడి నోట్లో పెట్టింది. మొదట్లో వాడికి మింగే ఓపిక కూడా లేదు. పెదవుల మీద రాస్తే నాకేవాడు. తర్వాత తర్వాత ఆమె వేలిని పట్టుకోవడం మొదలుపెట్టాడు. ఒకరోజు గట్టిగా కొరికాడు. టేపమ్మ నొప్పికి అరిచి, ఆ వెంటనే అందరి ముందూ భోరుమని ఏడ్చింది.

ఇంట్లో మాత్రం తియ్యటి జావ లేదు. వదిన ఆడపడుచుతో మాట్లాడటం మానేసింది. అన్నయ్య దవడలు పీక్కుపోయాయి. టేపమ్మ సాయంత్రాలు ఆకలి లేదని చెప్పి ముసుగు తన్ని పడుకునేది. ఆ మాట వసపిట్ట చెవిన పడుతోందని అనుకోలేదు.

చివరికి చిన్నోడి చేతికి పచ్చ వచ్చింది. నర్సమ్మ తనే చుట్టి చూసింది. జెండా పరుగెత్తుకొచ్చి, బిడ్డను టేపమ్మ చంకలో పెట్టి ఫోటో తీయించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. చిన్నోడు భయపడి బిగ్గరగా ఏడ్చాడు. ఎంతకాలమైందో వాడి గొంతు విని! దానికి అందరూ మళ్ళీ చప్పట్లు కొట్టారు. వదిన కూడా వచ్చింది. కొడుకును అందుకొని, వాడి మెడ కింద మొహం దాచుకొని వాసన చూసింది. తలెత్తి ఆడపడుచును చూసింది. ఆ చూపులో సంతోషమూ ఉంది, ఇప్పుడేం చేయమంటావన్న ప్రశ్నా ఉంది. నర్సమ్మ చిన్నోడి పేరు కొట్టేసి, తర్వాతి బిడ్డను పిలిచింది.

ఆ సాయంత్రం అన్నయ్యకు అరపూట పని దొరికి కాసిని నూకలు వచ్చాయి. వదిన ఉప్పేసి ఉడికించి, చిన్నోడికీ వసపిట్టకూ చెరో గిన్నెలో పెట్టింది. చిన్నోడు రెండు చేతులతో నోట్లో కుక్కుకుంటున్నాడు. వసపిట్ట గిన్నె ముట్టలేదు. పొద్దుట్నుంచీ నోరు కూడా విప్పలేదు.

"ఏమే వసపిట్టా, తినవేం?" అంది టేపమ్మ.

"ఆకలి లేదత్తా," అంది అది, అచ్చం మేనత్త లాగే.

గిన్నెను మెల్లిగా తమ్ముడి వైపు తోసింది. గౌను చెయ్యి భుజం దాకా పైకి లాక్కొని, ఎడమ చెయ్యి చాపి టేపమ్మ ఒళ్ళోకి జరిగింది. "నాకు కూడా చూడత్తా."

టేపమ్మ వదిన వైపు చూసింది. వదిన పొయ్యి ముందు అటు తిరిగి కూర్చొని ఉంది. కూతురి మాట వింది. తినవే అని మాత్రం అనలేదు.

మెడలోంచి టేపు తీసి చుట్టింది టేపమ్మ. ఆ పుల్లలాంటి చేతి మీద టేపు జారిపోతుంటే, మళ్ళీ సరిచేసి చూసింది. పసుపు. అదీ చివర, ఎరుపును ఆనుకొని.

వసపిట్ట మెడ వంచి కంతలోకి తొంగి చూసింది. రంగులన్నీ దానికి ఎప్పుడో తెలుసు. మొహం విప్పారింది.

"ఇంకొంచెమే కదత్తా?" అంది. "ఎర్రగా అయ్యాక అందరం తియ్యటి జావ తాగుదాం."