మూడో తూము అవతల

రెండో తూము తలుపు మరకు గ్రీజు పూసి, చేతికి అంటినదాన్ని గడ్డి మీద తుడుచుకున్నాడు ఓబులయ్య. పార భుజాన వేసుకుని మళ్లీ నడక మొదలుపెట్టాడు.

మే నెల. సోమశిల నుంచి ఆత్మకూరు వైపు వచ్చే కాలువకు నీళ్లు కట్టేసి నెల దాటింది. నీళ్లు లేని కాలువకు కాపలా కాసే లస్కరుతో ఏం పనని ఊళ్లో నవ్వుతారు. ఆయన మాత్రం తెల్లారేసరికి గట్టెక్కుతాడు. తూములు చూస్తాడు, పందికొక్కుల బొరియలు పూడుస్తాడు, మొలిచిన సర్కారు తుమ్మను పీకి పారేస్తాడు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఇదే పని. పొట్టి మనిషి. పార మోసి మోసి ఎడమ భుజం రెండు వేళ్లు కిందికి జారింది. ఎండలో చిట్లించి చిట్లించి కళ్ల పక్కన చర్మం మడతలు పడిపోయింది.

ఆ పొద్దున బయల్దేరేటప్పుడు భార్య వెంగమ్మ గుమ్మంలో అడ్డం నిలబడింది.

"ఈ ఏడన్నా అమ్మవారి తిరనాళ్లకు వస్తావా? మొగుడుండి కూడా ఒక్కదాన్నే పోతుండా. అడిగినోళ్లకు ఏం చెప్పేది?"

"పనుండాదని చెప్పు."

"దండం పెట్టేదానికి కూడా పని అడ్డమొస్తాదా నీకు?"

ఓబులయ్య సద్దిగిన్నె అందుకుని వచ్చేశాడు.

ఆయన పుట్టిన ఊరు సోమశిల డ్యాము నీళ్ల అడుగున ఉంది. అక్కడి రామాలయంలో రోజూ దీపం పెట్టింది ఆయన తండ్రే. ఊరు ఖాళీ చేసినప్పుడు విగ్రహాలు ఎడ్లబండి ఎక్కాయి, గుడి మాత్రం ఉండిపోయింది. నీళ్లు గుడి శిఖరాన్ని ముట్టుకున్న రోజు, పదమూడేళ్ల కొడుకును పక్కన పెట్టుకుని గుట్ట మీంచి చూశాడు తండ్రి. "దేవుడే తన ఇల్లు కాపాడుకోలేక పోయినాడు రా, మనమెంత" అన్నాడు. తర్వాత ఆయన ఎక్కడా దీపం పెట్టలేదు. ఓబులయ్య ఏ గుడి మెట్లూ ఎక్కలేదు.

లస్కరుగా చేరిన మొదటి వేసవిలో ఒక లకుముకి పిట్టను చూశాడు. మూడో తూముకు అవతల, గట్టు బయటి వైపు మన్ను నిలువుగా కోసుకుపోయిన చోటు. ఎదురుగా గానుగ చెట్టు. నీలం రెక్కల పిట్ట కొమ్మ మీంచి దూసుకొచ్చి, తన ఎర్రటి ముక్కుతో గట్టును ఒక్క పోటు పొడిచి, మళ్లీ కొమ్మకు పోయేది. గడ్డపారకే లొంగని మన్ను. పొద్దుగూకేదాకా పొడిస్తే అంగుళం లోతు కూడా రాలేదు. మర్నాడు మళ్లీ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. తొమ్మిదో రోజు పిట్ట కన్నంలో దూరి తోకతో సహా కనిపించకుండా పోయింది.

ఓబులయ్యకు ఒళ్లు జలదరించింది. ఊరు మునిగినప్పుడు ఏడవనివాడు ఆ చెట్టు కింద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాడు.

బొరియ కనిపిస్తే పూడ్చాలి. నీటిమట్టానికి బాగా పైన ఉన్న ఆ ఒక్కదాన్ని మాత్రం ఆయన పూడ్చలేదు. ఏటా వేసవిలో ఏదో ఒక జంట అక్కడ గూడు పెడుతూనే ఉంది. ఈ సంగతి వెంగమ్మకు కూడా చెప్పలేదు. ఎట్లా చెప్పాలో ఆయనకు తెలియలేదు.

మూడో తూము దగ్గరికి వచ్చేసరికి జేసీబీ చప్పుడు వినిపించింది. కాలువ మరమ్మతుకు వింజమూరు నుంచి వచ్చిన డ్రైవరు రాజా, గట్టు చెక్కుకుంటూ వస్తున్నాడు. కన్నం ఇంకా పాతిక గజాల దూరంలో ఉంది. ఓబులయ్య పార పడేసి పరుగెత్తాడు. ఆయన పరుగెత్తి ఎన్నేళ్లయిందో. బకెట్టుకు ఎదురుగా పోయి చేతులు చాపి నిలబడ్డాడు.

రాజా ఇంజిను ఆపాడు. "ఏంది పెద్దాయనా, చావాలని ఉండాదా?"

"ఈ మూడు గజాలు వదిలెయ్ నాయనా. పది దినాలు. పిల్లలు ఎగిరిపోతే నేనే చెక్కేస్తా."

"ఏం పిల్లలు?"

ఆయాసానికి మాట రాక వేలు చూపించాడు. కన్నం అంచున తెల్లటి రెట్ట చారలు ఉన్నాయి. లోపలి నుంచి సన్నగా గరగరమని చప్పుడు వస్తోంది. ముక్కున మిడతతో వచ్చిన తల్లి పిట్ట మిషన్ను చూసి కొమ్మ మీదే ఆగిపోయింది.

"పిట్ట కోసమా! ఇంజినీరు సారు అడిగితే ఏం చెప్పేది?"

"లస్కరు వద్దన్నాడని చెప్పు." ఓబులయ్య గుండె మీద చెయ్యి పెట్టుకుని ఊపిరి పీల్చుకున్నాడు. "నేను ఎవర్నీ ఏదీ అడిగినోణ్ణి కాదు రా. దేవుణ్ణి కూడా అడగలా. నిన్ను అడుగుతుండా."

రాజా మళ్లీ ఇంజిను వేశాడు. బకెట్టు పైకెత్తి, కన్నాన్ని దాటించి, అవతలి నుంచి పని మొదలుపెట్టాడు. పిట్ట లోపలికి దూరింది.

మధ్యాహ్నం నీళ్లు ఇద్దామని రాజా వచ్చేసరికి, ఓబులయ్య గానుగ మొదలుకు ఆనుకుని, కన్నం వైపు చూస్తూ కూర్చుని ఉన్నాడు. సద్దిగిన్నె మూత కూడా తీయలేదు. రాజా రెండుసార్లు పిలిచాడు. దగ్గరికొచ్చి భుజం తట్టాడు. తర్వాత తన తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి చేతిలో పట్టుకున్నాడు.

వెంగమ్మను ఆటోలో తీసుకొచ్చారు. ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు పోయాక, పొద్దున జరిగింది రాజా చెప్పాడు. ఆమె తలెత్తి చూసింది. పిట్ట వచ్చి కన్నంలోకి పోయింది, మళ్లీ బయటికొచ్చింది.

"నాకొక మాట చెప్పుంటే నేనూ వచ్చేదాన్ని కదయ్యా" అంది మొగుడి తల నిమురుతూ.

నలుగురూ ఆయన్ను లేపారు. పాదాలు వట్టివిగా ఉండటం అప్పుడు చూసింది వెంగమ్మ. చుట్టూ వెతికింది. గట్టు దిగే దారిలో, చెట్టు నీడకు పది అడుగుల ఇవతల, కాలు మోపలేనంతగా కాగిన మట్టి మీద, ఆయన రబ్బరు చెప్పులు రెండూ పక్కపక్కనే పొందిగ్గా విడిచి ఉన్నాయి.